పైకి చూడలేని చెట్టాయన

ఆయన చెట్టు మీదినుంచి పడి చనిపోలేదు. ఈ మాట ఈ వారంలో నేను చాలామందికి చెప్పాల్సి వచ్చింది. టీ అంగడి దగ్గర, మందుల షాపులో, చివరికి షేర్ ఆటోలో పక్కన కూర్చున్న మనిషికి కూడా. అందరూ ఒకే ప్రశ్న అడిగారు: "యా చెట్టు సారూ?"

ఏ చెట్టూ కాదు. జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు పాకింది. వేలూరులో ఆసుపత్రి మంచం మీద, భార్య పక్కన ఉండగా పోయాడు. అది విన్నాక అడిగినవాళ్ల ముఖంలో ఏదో తక్కువైనట్టు కనిపించేది. చెట్లు కొట్టే మనిషి మంచం మీద పోవడం వాళ్లకు సరిపోలేదు.

చెట్టెక్కకుండా బతకాలన్నదే ఆయన చివరి మూడేళ్ల కోరిక. అది అనుకున్నట్టు సాగలేదు. ఎలా సాగిందో రాస్తున్నాను. పేరు రాయను. ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. "చెట్టాయన" అంటే గుడియాత్తంలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. వానలకు ముందు లైన్లకు తగిలే కొమ్మలు కొట్టించడం ప్రతి ఏడూ ఉండే పని. మనుషుల్ని పిలిపించి ఏ వీధికి ఎప్పుడు పోవాలో చెప్పడం నా బాధ్యత. అలా పరిచయం. మొదటి రోజు ఆయన ఆఫీసు గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "చెప్పండి సారూ, నాకు ఈడికి వినపడతాది" అన్నాడు. మా ఇంటికి వచ్చినా అంతే. మా ఆవిడ కుర్చీ వేస్తే, "వద్దక్కా, చెట్టు కొమ్మ మాదిరి నిలబడే అలవాటు" అనేవాడు. అది మర్యాద అని చాలాకాలం అనుకున్నాను. నాలుగు గోడల మధ్య ఆయనకు ఊపిరాడదని తర్వాత తెలిసింది.

పుట్టింది నేత ఇంట్లో. బడి మానేసినప్పటినుంచి లుంగీలు నేశాడు. గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ లేచేది అన్నానికే. మరమగ్గాలు వచ్చి ఆ వీధిలో చప్పుళ్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి, ఆయనదీ ఆగింది. కొబ్బరి చెట్లు ఎక్కడంతో మొదలుపెట్టి అన్ని చెట్లకూ వచ్చాడు. "నేతోడివి, చెట్టెక్కడం ఎట్ల వచ్చిందప్పా?" అని ఒకసారి అడిగాను.

"గుంతలోనించి లేస్తే యాడికి పోవాల సారూ? పైకే గదా" అన్నాడు.

నేత మానినా చేతులు మానలేదు. ఎవరితో మాట్లాడుతున్నా, ఎంత ముఖ్యమైన సంగతైనా, ఎదుటి మనిషి లుంగీ అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసేవాడు. మా ఇంజనీరు ఇంటి మామిడిచెట్టుకు కొట్టకూడని కొమ్మ ఒకటి కొట్టినప్పుడు ఆ ఇంజనీరు వరండాలో నిలబడి అరుస్తున్నాడు. ఈయన తలవంచుకుని వింటున్నట్టే ఉండి మెల్లగా ఆయన లుంగీ అంచు పట్టుకున్నాడు. "ఇది పవర్‌లూము సార్. చేనేతని చెప్పి అమ్మినారా మీకు?" అన్నాడు. ఇంజనీరు అంగడివాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. కొమ్మ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఏది అడిగినా ముందు "పాక్కలాం" అనేవాడు. చూద్దాం అని అరవమాట. రేపు వస్తావా అన్నా అదే, భోజనం చేశావా అన్నా అదే.

ఒక ఎండాకాలం, మా వీధి మొదట్లోని వేపచెట్టు కింద నిలబడి ఏ కొమ్మ ముందు కొట్టాలా అని తల ఎత్తి చూస్తూ, ఉన్నట్టుండి చెట్టును కౌగిలించుకున్నాడు. అలాగే జారి కూర్చున్నాడు. తల ఎత్తితే లోకమంతా గిర్రున తిరిగింది. దించితే ఆగింది. మళ్లీ ఎత్తితే మళ్లీ తిరిగింది. వేలూరుకు తీసుకుపోయారు. మెడ ఎముకల సంగతి అన్నారు, చెవి సంగతి అన్నారు, మాత్రలు ఇచ్చారు. చివరికి డాక్టరు చెప్పింది ఒకటే: ఇక చెట్టెక్కకూడదు. ఆయన భార్య బీడీలు చుట్టి సంసారం ఈదిన మనిషి, గట్టిది. డాక్టరు ముందరే భర్త చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించింది.

"పైకి చూడకుండా చెట్టు పని ఎట్ల చేసేది సారూ?" అని మా గేటు దగ్గర నిలబడి అన్నాడు. నా లుంగీ అంచు ఆయన వేళ్ల మధ్య ఉంది. "అన్నం వండు, పొయ్యి మాత్రం చూడొద్దు అన్నట్ల ఉండాది."

"ఎక్కేవాళ్లను పెట్టుకో. నువ్వు పని పట్టు" అన్నాను.

దానికి బండి కావాలి. ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా చిన్నప్పుడు చెట్టు కొడితే కొమ్మా రెమ్మా పొయ్యిలోకి పోయేవి, ఆకు మేకలకు పోయేది. సాయంత్రానికి నేల ఊడ్చినట్టుండేది. ఇప్పుడు అందరికీ గ్యాసు. చెట్టు కొట్టించినవాళ్లు మొదట అడిగేది, "చెత్తంతా ఈరోజే ఎత్తుకపోతారా?" అని. ఎత్తుకుపోయే బండి ఎవరికుంటే పని వాడిది. బండి లేనివాడు, ఎంత పనిమంతుడైనా, బండి ఉన్నవాడి కింద కూలికి ఎక్కాల్సిందే. ఎక్కకూడదంటే బండి కొనాలి. ఆకులు, కొమ్మలు దించడానికి మనుషులు చాలరు కాబట్టి తొట్టి దానంతట అది లేచి గుమ్మరించే చిన్న టిప్పరు కావాలి. కొత్తది కొనలేడు. భార్య మహిళా సంఘంలో తీసిన అప్పుకు సరిపోయే పాతది వెతకాలి.

"మీరు రాండి సారూ. మీరు కాయితాలు చూడండి, నేను బండి చూస్తా" అన్నాడు.

అలా ఇద్దరం వేలూరు పోయాం. సత్తువాచ్చేరి దాటాక బైపాసు పక్కన పాత బండ్లు అమ్మే చోటు. వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య ఎండ కాగుతోంది. బ్రోకరు తెల్లచొక్కా మనిషి. గుడియాత్తం నుంచి అనగానే తెలుగులోకి దిగాడు.

మొదటి బండి చూడ్డానికి బాగుంది. ఈయన దాని పక్కన నిలబడి తొట్టి అంచు తన గడ్డం దాకా వస్తోందని చూపించి, "మొద్దును రొమ్ము దాకా ఎత్తగలం, నెత్తి దాకా ఎట్ల ఎత్తేది?" అని పక్కకు వచ్చేశాడు. రెండోది ఎత్తు సరిపోయింది. నేను టైర్లు, ఎఫ్.సి. (ఫిట్‌నెస్) తేదీ, ఇన్సూరెన్సు చూసి బాగున్నాయన్నాను. ఆయన తొట్టిలోకి ఎక్కి మడమతో తట్టుకుంటూ నడిచాడు. ఒక మూలన చప్పుడు మారింది. కింద దూరి చూస్తే, తడి ఇసుక తోలిన బండి, అడుగు రేకు తుప్పు పట్టి గోకితే పొరలు రాలుతోంది. నా కాగితాల్లో ఇసుక సంగతి ఎక్కడా లేదు.

మూడోది టైల్సు తోలిన బండి. తొట్టి కిందుగా ఉంది, రేకు మందం, చాసిస్ తిన్నగా ఉంది. తొట్టి పైకి లేపించి, "అట్లే ఉండనీ, మేం టీ తాగి వస్తాం" అన్నాడు.

"లేపి పెట్టేదెందుకు పెద్దాయనా?" అన్నాడు బ్రోకరు.

"జాకీ కారతా ఉంటే మెల్లగా దిగొచ్చేస్తాది. కారకపోతే అట్లే ఉంటాది. నువ్వూ రా, టీ తాగుదాం."

టీ తాగి వచ్చేసరికి తొట్టి అలాగే ఉంది. నేను కాగితాలు రెండుసార్లు చూశాను. వాయిదాలు కట్టలేక ఫైనాన్సువాళ్లు లాక్కున్న బండి, అమ్మకానికి అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తీసుకుందాం అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన బండి ముందుకు పోయి నిలబడ్డాడు. అద్దం మీద పసుపు, ఎరుపు రంగులతో రెండు ఆడపిల్లల పేర్లు రాసి ఉన్నాయి, పక్కన చిన్న నెమలి. అరవం ఆయన బాగా చదివేవాడు. రెండు పేర్లూ పైకి చదివాడు.

"ఈ బిడ్డలు ఎవురు?"

"బండాయన కూతుర్లు. గీకించి ఇస్తాలే" అన్నాడు బ్రోకరు.

"ఆయన యాడుండాడు?"

"ఆయనతో మనకేం పని?"

"తాళం ఆయన ఇయ్యాల గదా."

బ్రోకరు జేబులోంచి తాళం తీసి గాల్లో ఊపాడు. "తాళం ఇదో ఉండాది. బండి కొనను వచ్చినారా, బండాయనకు సంబంధం చూడను వచ్చినారా?"

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ల వీధిలో ఒక ఆచారం ఉండేది. మగ్గం అమ్మితే, అమ్మేవాడు చివరగా జానెడు గుడ్డ నేసి, లేచి, పోగును అటూ ఇటూ నడిపే నాడెను తన చేత్తో కొనేవాడి చేతిలో పెట్టాలి. అలా రాని మగ్గంలో కూర్చుంటే పోగు తెగుతూనే ఉంటుందని నమ్మకం. ఆయన సొంత మగ్గం కొన్నది ఒక టీ అంగడివాడు, కట్టెల కోసం. ఈయన నాడె పట్టుకుని రిక్షా వెనకే నడిచి, అంగడి దగ్గర వాడి చేతిలో పెట్టాడట. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది, ఇది కూడా మండతాదా?" అన్నాడట. ఈ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పేవాడు.

"అది మగ్గం, ఇది బండి" అన్నాను నేను.

"దేంట్లో కూర్చుంటే అన్నం పుడతాదో అది మగ్గమే సారూ."

ఇంకో రెండు చోట్ల చూశాం. ఆ అప్పుకు వచ్చే బండ్లన్నీ అలా లాక్కున్నవే. వాటి వెనక మనిషి ఎవరూ నిలబడి లేరు. ఆయన అన్నిటి ముందూ నిలబడి పేర్లు చదువుకుని వచ్చేశాడు. ఊళ్లో పని పట్టే రోజులు దాటిపోతున్నాయి. చివరికి మళ్లీ ఆ టైల్సు బండి దగ్గరికే వచ్చి బేరం కుదుర్చుకున్నాం. బ్రోకరు తలపట్టుకుని పాత యజమాని ఊరు చెప్పాడు. గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు పోయే దోవలో ఒక పల్లె. అక్కడికి బ్రోకరు మనిషి బండి తోలాడు, మేమిద్దరం బస్సులో ముందే చేరాం. బ్రోకరు బండి రెండో తాళాన్ని ఒక కవర్లో పెట్టి నా చేతికి ఇచ్చాడు. ఆ మనిషికి మేం తాళం ఇచ్చి, ఆయన చేత తిరిగి ఇప్పించుకోవాలన్నమాట. నా ఉద్యోగంలో ఇంత తలకిందుల పని ఎప్పుడూ చేయలేదు.

ఆ మనిషి నలభై దాటినవాడు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రేడియో విప్పుకుంటున్నాడు. తెలుగే. బండి వీధిలోకి మలుపు తిరగ్గానే, మమ్మల్ని చూడకుండా, "రెండో గేరులో ఉండాల్సింది మూడులో తెస్తా ఉండాడు" అన్నాడు తనలో తను. చెట్టాయన, మేం వచ్చిన పని చెప్పాడు. తాళం ఆయన అరచేతిలో పెట్టి, "నీ చేత్తో ఈ అప్పా" అని తన చెయ్యి చాచాడు.

ఆ మనిషి తాళం చూస్తూ ఉండిపోయాడు. ఇవ్వలేదు. చెట్టాయన చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. లోపలినుంచి ఆయన భార్య, "ఇచ్చెయ్యండి, పెద్దోళ్లు బస్సుకు పోవాల" అంది. తాళం మీద ఆ మనిషి వేళ్లు ముడుచుకున్నాయి.

"కాలేజీ కాడ టైల్సు దించతా ఉంటే వచ్చి ఎత్తుకపోయినారన్నా. సీటు కింద నా అన్నం క్యారియరు కూడా దాంట్లోనే పోయింది" అన్నాడు.

"క్యారియరు సంగతి నాకు తెలవదు. నాకు చెప్పకుండా ఎవురూ అమ్మలేదు గాని, నా మగ్గం కూడా పోయింది" అన్నాడు చెట్టాయన.

"రెండో గేరు నా చేతికి తప్ప పడదు. గుడియాత్తం దాకా నేను తోలతా. ఇంటికాడ నిలబెట్టి తాళం ఇస్తా. అట్లయితే ఇచ్చినట్లే గదా?"

"పాక్కలాం" అన్నాడు చెట్టాయన. ఆ ఒక్కసారి ఆయన ఆ మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

ఆ సాయంత్రం గుడియాత్తంలో చెట్టాయన ఇంటి ముందు నిలబెట్టి, బోనెట్టు తుడిచి, తాళం చేతిలో పెట్టాడు. ఇద్దరూ కండ్లనీళ్లు పెట్టుకోలేదు గాని నాకు అక్కడ నిలబడ్డం కష్టంగా అనిపించింది. ఆ మనిషి మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు దిగి మళ్లీ వచ్చాడు. బండికి నీళ్లు పోశాడు. "అన్నా, యా వీధికి?" అన్నాడు. చెట్టాయనకు బండి తోలడం రాదు, ఎవరినో ఒకరిని పెట్టుకోవాల్సిందే. వద్దనడానికి ఏ కారణమూ దొరకలేదు, అలా పాత యజమానే డ్రైవరయ్యాడు.

అక్కడినుంచి ఆయన బతుకు ఎలా మారిందో నేను దగ్గరగా చూశాను. బుక్కులో పేరు చెట్టాయనది. రోడ్డు మీద మాట డ్రైవరుది. తొట్టి చుట్టూ ఆకులు నిలవడానికి వల బిగించాలంటే, రంధ్రాలు వేయకూడదు, తాళ్లతోనే కట్టాలి అన్నాడు. ముళ్లతుమ్మ ఎక్కించను, రంగు గీరుకుంటుంది అన్నాడు. నిండా మొద్దులు వేస్తే కింది స్ప్రింగు పట్టీలు కుంగుతాయని సగానికే ఆపించేవాడు. ఒకరోజు మా వీధిలోనే జరిగింది ఇది.

"మొద్దు ఇసిరెయ్యొద్దు. పండబెట్టు. పసిబిడ్డను పండబెట్టినట్ల పండబెట్టు."

"ఇది పసిబిడ్డ కాదప్పా, వేపమొద్దు" అన్నాడు చెట్టాయన.

"నీకు మొద్దు. కింద ఉండే రేకుకు?"

"రేకు ఏడస్తాదా?"

"నాకు వినపడతాదన్నా."

చెట్టాయన నా వైపు చూశాడు. తనే పోయి మొద్దుకు ఒక పక్క పట్టుకుని పండబెట్టాడు. ముందు సీట్లో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. తలుపు వేస్తే గుంతలో దిగినట్టుంటుందని తొట్టిలోనే నిలబడి, వల కర్ర పట్టుకుని, తలవంచుకుని పోయేవాడు. దాంతో ఊళ్లో కొందరు ఆయన్ని ఆ బండికి కూలీ అనుకున్నారు. ఎవరైనా బండి అద్దెకు అడగాలంటే డ్రైవరునే అడిగేవారు. అతను సమాధానం చెప్పేవాడు.

ఒక దఫాలో పోవాల్సింది రెండు దఫాలైంది. ఒక రోజు పని రెండో రోజుకు పోయేది. ఎక్కే మనుషులు ఇద్దరుండేవారు. ఒకడు ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీకి పోయాడు. వాడి జాగాలో ఇంకొకణ్ణి పెట్టుకుంటే సంఘం వాయిదాకు మిగలదు. వాయిదా తప్పితే ఆ బండి గతి ఏమవుతుందో అందరికంటే బాగా తెలిసినవాడు దాన్ని తోలుతూ ఉన్నాడు. రెండోవాడు వారంలో సగం రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఎక్కుతున్నది ఎవరని నేను అడగలేదు. ఎవరో ఒకరు దొరుకుతున్నారులే అనుకున్నాను.

మూతపడిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఒకటి మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. దాని ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు. ఒక పొద్దున బ్యాంకుకు పోతూ గేటులోంచి బండి కనిపించి లోపలికి వెళ్లాను. డ్రైవరు అటు పక్క టైరు దగ్గర వంగి ఏదో చూసుకుంటున్నాడు. చెట్టు మొదట్లో ఒక జత చెప్పులు. అవి ఎవరివో నాకు తెలుసు, ఎడమదానికి లుంగీ పీలికతో కుట్టిన వారు. తల ఎత్తాను. చాలా పైన, ఆకుల మధ్య, రెండు పాదాలు.

పిలవలేదు. పిలిస్తే అదిరిపడతాడేమోనని భయం వేసింది. దిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన ముఖాన్ని బెరడుకు ఆనించి, ఒక్కొక్క కాలు తడుముకుంటూ దిగాడు. నేల తగిలాక కండ్లు తెరిచాడు. నన్ను చూశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఏది సారూ?"

"ఇది."

ఆయన చెయ్యి నా పంచె అంచు దాకా వచ్చి, పట్టుకోకుండా ఆగింది. "ఇంట్లో చెప్పొద్దు సారూ. పైన ఉంటే నాకేం కాదు. పైనించి ఇంకా పైకి చూసే పనేముండాది? కిందికే గదా చూడాల. ఎక్కేటప్పుడే కొంచెం. కండ్లు మూసుకోని ఎక్కుతా."

"బండి అమ్మెయ్యి. బండి లేకపోయినా ఎక్కాల్సిందే, ఉన్నా ఎక్కాల్సిందే అయితే ఈ బండి ఎందుకు?"

"ఎట్ల అమ్మేది? నా చేత్తో తాళం ఇంకొకరికి ఇయ్యాల. ఆయన పక్కన నిలబడి చూడాల. మొదటిసారి ఆయన్ను అడక్కుండా పోయింది. రెండోసారి ఆయన కండ్ల ముందర నేనే ఇయ్యాల్నా?"

"సరే, బండి ఉంచుకో. వేరే డ్రైవర్ని పెట్టుకో."

"మీరైతే దించతారా సారూ ఆయన్ని?" అన్నాడు. ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "గుంతలో ఉన్నప్పుడైనా పొద్దు మునిగితే లేచి బయటికొచ్చేవాణ్ణి" అన్నాడు.

"ఎవురు కండ్లు మూసుకోని ఎక్కేది?"

డ్రైవరు బండి వెనకనుంచి వచ్చాడు. చేతిలో స్పానరు ఉంది. ఎంతవరకు విన్నాడో తెలియదు. చెట్టాయన నేల చూశాడు.

"అన్నా, నిన్నే. నీకు ఏంది?"

"తల తిరుగుతాది. అప్పుడప్పుడు."

"ఎప్పుడు?"

"పైకి చూస్తే."

డ్రైవరు చెట్టు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. "చెట్లు కొట్టేవాడికి పైకి చూస్తే తల తిరుగుతాదంట. రోడ్డు చూస్తే కండ్లు తిరిగే డ్రైవరు మాదిరి."

"నవ్వుకో."

"నవ్వలేదన్నా." స్పానరు బండిలో పెట్టి వచ్చాడు. "నీకిష్టమై ఎక్కతా ఉండావనుకున్నా. ముసిలోడికి నేల మీద కాలు నిలవదు అని ఇంట్లో కూడా చెప్పినా. డాక్టరు ఏమన్నాడు?"

"ఎక్కొద్దన్నాడు."

"మరి?"

"మరి ఏంది? నువ్వు సగం తొట్టికే ఆపేస్తివి. ఎక్కేవాళ్లకు కూలి యాడినించి తెచ్చేది?"

డ్రైవరు తిరిగి తొట్టి వైపు చూశాడు. నిండా ఎక్కించుకోమంటాడని నేను అనుకున్నాను. అతను అనలేదు. బండి విషయంలో అతనికి మనసు రాలేదు, అది నిజం. తర్వాత చొక్కా విప్పి అద్దానికి తగిలించి, "రేపట్నించి నేనెక్కుతా. తాడు కట్టేది ఎట్లనో చూపించు" అన్నాడు.

"నువ్వా? స్టీరింగు పట్టుకునే చెయ్యితో కొమ్మ పట్టుకుంటావా?"

"నేర్పిస్తే పట్టుకుంటా. నేర్పించు."

"నేల మీద నిలబడి ఎట్ల నేర్పించేది? యా కొమ్మ, యాడ కొట్టాల, యాడ కాలు పెట్టాల, నేను చూడాల గదా. పైకి చూస్తే పడిపోతా."

ఇద్దరూ ఆ చెట్టు కింద అలా నిలబడిపోయారు. ఒకడు ఎక్కితే పడతాడు. ఇంకొకడు ఎక్కితే చూసి చెప్పేవాడు లేడు. బ్యాంకుకు పోయాను.

వారం గడిచాక అదే దోవలో వచ్చాను. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతోంది. డ్రైవరు నిద్రగన్నేరు మీద నడుముకు తాడు కట్టుకుని ఉన్నాడు. చెట్టాయన చెట్టు దగ్గర లేడు. ఆవరణ మధ్యలో, మట్టి నేల మీద పడిన చెట్టు నీడలో నిలబడి, చేతిలో పొడవాటి కర్రతో ఆ నీడనే చూస్తున్నాడు. ప్రతి కొమ్మ నీడా నేలమీద పరిచి ఉంది. దానిలో డ్రైవరు నీడ కూడా ఉంది, చెయ్యి కదిలితే చెయ్యి, కాలు కదిలితే కాలు.

"ఎడమ కాలు ఇంకా ఎడంగా పెట్టు. అది కాదు, దాని కిందిది. ఆఁ. కత్తి పెట్టిన కాడ కాదు, జానెడు ఇవతల" అని నేలకు చెబుతున్నాడు. కర్రతో ఒక కొమ్మ నీడ మీద గీత గీస్తున్నాడు, పైనున్నవాడికి ఆ గీత కనబడేటట్టు.

"నా చెయ్యి నీకు కనబడతా ఉండాదా?" అని పైనుంచి గొంతు.

"బీడీ జేబులోకి పోయేది కూడా కనబడతా ఉండాది. దిగినాక తాగు."

నేను గేటు దగ్గరే నిలబడి చూశాను. అప్పుడే మబ్బు పట్టింది. నేల మీద చెట్టు మెల్లగా వెలిసిపోయి కనిపించకుండా పోయింది. చెట్టాయన మాట ఆగింది. పైన కత్తి చప్పుడు ఆగింది. ఆయన తల ఎత్తలేదు. ఖాళీ మట్టిని చూస్తూ, కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. పైనున్నవాడు కొమ్మను పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు, మబ్బు పెద్దదే.

ఎండ వచ్చింది. నీడ మళ్లీ నేల మీద పరుచుకుంది. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, వంగి వెతికాడు.

"ఏమప్పా, ఉండావా?" అన్నాడు నేలకేసి.

"యాడికి పోతానన్నా? ఈడే ఉండా" అని పైనుంచి జవాబు వచ్చింది.